ఋణమును ఋణముతో గుణించిన ధనమేల?

బడికిపోవు పిల్లలున్న యింట ఎప్పుడో యొకప్పుడు పుట్టెడి ప్రశ్న యిది: ఋణ సంఖ్యను ఋణ సంఖ్యతో గుణించినచో ధన సంఖ్య యేల రావలెను? “అది సూత్రము, కంఠస్థము చేయుము” అని పెద్దలు తప్పించుకొందురు. కారణమెరుగని సూత్రము పరీక్షనాటికి తారుమారగును. అంతకంటె పెద్ద నష్టమేమనగా, గణితమన ఎవరో విధించిన ఆజ్ఞల పట్టిక యను అపోహ పిల్లల మనసున నాటుకొనును. ఈ నియమమునకు కారణము కలదు. దానిని ఇంటనే చూపవచ్చును.

ధనము, ఋణము అను పేర్లు మన దేశమున ప్రాచీనములు. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుట సిద్ధాంతమున ఈ రెండు విధముల రాశుల గుణకార నియమములను చెప్పెను. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు గణితసార సంగ్రహమున వానిని మరల చెప్పెను. ఆ సంస్కృత గ్రంథమునే పదునొకండవ శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. ఇట్లుండగా ఇంగ్లండులో 1758 నాటికిని ఫ్రాన్సిస్ మాసెరెస్ అను పండితుడు, ఋణగుర్తును పెద్దదానినుండి చిన్నదానిని తీసివేయుటకు మాత్రమే వాడవలెనని గ్రంథము వ్రాసి వాదించెను. కావున ఇక్కడ సందేహించిన బాలుని మందమతి యనరాదు.

చిక్కంతయు “అప్పును అప్పుతో గుణించుట” అనుకొనుటలో నున్నది. అట్టి గుణకారము లేదు. ఒక సంఖ్య మార్పు ఎంతయో తెలుపును. రెండవది ఎన్ని మారులో, ఏ దిక్కునకో తెలుపును. దీనికి కృష్ణానది మంచి యుదాహరణము. 1855లో పూర్తియైన పాత ఆనకట్ట స్థానమున 1957లో ప్రారంభమైన ప్రకాశం బ్యారేజి విజయవాడలో నున్నది గదా! 2024 సెప్టెంబరు వరదలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దానిని దాటిపోయినది. అట్టి దినములలో దిగువ లంకలవారు ప్రతి గంటకును అడుగునది ఒక్కటే: నీరు పెరుగుచున్నదా, తీయుచున్నదా?

రేవులో నొక కొలబద్ద నాటి, ఈ క్షణపు నీటిమట్టమును సున్న యనుకొందము. పెరుగుట ధనము, తీయుట ఋణము. రాబోవు గంటలు ధనము, గడచిన గంటలు ఋణము. నీరు గంటకు 2 అంగుళముల వంతున పెరుగుచున్నచో, 3 గంటల తరువాత మట్టము 6 అంగుళములు పైన నుండును. 3 గంటల క్రిందట 6 అంగుళములు దిగువ నుండెను. ధనమును ధనముతో గుణించిన ధనము, ధనమును ఋణముతో గుణించిన ఋణము వచ్చినవి. ఇక నీరు గంటకు 2 అంగుళములు తీయుచున్నచో, 3 గంటల తరువాత మట్టము 6 అంగుళములు దిగువ నుండును. ఇది ఋణము. మరి 3 గంటల క్రిందట? 6 అంగుళములు పైననే యుండెను! తీయుట ఋణము, గడచిన కాలము ఋణము, ఫలము ధనము. ఇందు వింత యేమియు లేదు.

ఉదాహరణము నమ్మకము కలిగించును గాని నిరూపణము కాదు. నిరూపణమును రెండు పంక్తులలో చూపవచ్చును. 3కు −3 కలిపిన సున్న. దానిని −2తో గుణించినను సున్నయే. విడివిడిగా గుణించి కలిపినను అదే రావలెను. −2ను 3తో గుణించిన −6. దానికి ఏది కలిపిన సున్న యగును? +6 మాత్రమే. కావున −2ను −3తో గుణించిన లబ్ధము +6 కాక తప్పదు. వేరొక విలువ నిచ్చినచో, విడదీసి గుణించి కలుపు మన నిత్యపు లెక్కయే చెడును.

ఒక హెచ్చరిక మాత్రము చేయవలసి యున్నది. “మైనస్, మైనస్ ప్లస్” అని వల్లించు పిల్లలు దానిని కూడికకును వర్తింపజేయుదురు. అది పొరపాటు. రెండు రూపాయల అప్పు, మూడు రూపాయల అప్పు కలిసిన అయిదు రూపాయల అప్పే గాని ఆదాయము కాదు: −2కు −3 కలిపిన −5. ఈ సూత్రము గుణకార భాగహారములకు మాత్రమే చెల్లును. పెక్కు సంఖ్యలను గుణించునపుడు, వానిలో సున్న లేనిచో, ఋణ సంఖ్యలు సరిసంఖ్యలో నున్న లబ్ధము ధనము, బేసిసంఖ్యలో నున్న ఋణము.

ఇకమీదట పిల్లలు ఈ ప్రశ్న వేసినపుడు, సూత్రముకంటె ముందు కొలబద్దను గీచి చూపుదురుగాక. కారణము తెలిసినవానికి సూత్రము మరపునకు వచ్చినను, దానిని తానే తిరిగి కనుగొనగలడు.