ఊరి చరిత్రకు ఊరివారే కాపరులు

చరిత్ర యనగా రాజుల యుద్ధములు మాత్రమే కాదు. మన చెరువు, కోట, గుడి, దర్గా, పాత దస్తావేజు - ఇవన్నియు చరిత్రయే. వీనిని కాపాడుటకు ప్రభుత్వమొక్కటే చాలదు, ఊరివారును పూనుకొనవలెను.

ఇందుకు మన జిల్లావాసియే నిదర్శనము. రాయదుర్గమున జన్మించిన జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు కడపలో అధ్యాపకులుగా పనిచేసిరి. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ దొర పండితులను కూర్చి తెలుగు తాళపత్ర గ్రంథములను పరిష్కరింపజేసిన బంగళా కాలక్రమమున శిథిలమయ్యెను. శాస్త్రిగారు మిత్రులతో కలిసి, దాతల నర్థించి, ఆ స్థలముననే గ్రంథాలయమును నెలకొల్పిరి. 1987లో దానికి శంకుస్థాపన జరిగెను. నేడది యోగి వేమన విశ్వవిద్యాలయమునకు చెందిన భాషా పరిశోధన కేంద్రము.

అనంతపురమున అట్టి పని మనకై వేచియున్నది. బుక్కరాయల కాలమున చిక్కప్ప ఒడయరు చెరువు కట్టించుటతో ఈ ఊరు వెలసెనని ప్రతీతి. పొరుగున పెనుకొండలో విజయనగర రాజుల కోటయు, బాబయ్య దర్గాయు కలవు. ఈ సీమలో ఒక రాతిపై తెలుగు, కన్నడములు, మరియొక రాతిపై ఫారసీ, ఉర్దూలు కనిపించును. ఉర్దూ, తెలుగు లిపులు రెండును నేర్చిన మన విద్యార్థులు ఈ సేవకు మిక్కిలి తగినవారు.

చేయవలసినది కష్టము కాదు. శాసనముపై సున్నము పూయనీయరాదు; అక్షరములను ఉలితో దిద్దరాదు. ఉన్నదున్నట్లు వ్రాసికొని, ఫొటో తీసి, స్థలమును, తేదీని గుర్తింపవలెను. వృద్ధులు చెప్పిన మాటను వారి పేరుతో నమోదు చేసి, ఒక ప్రతిని కళాశాల గ్రంథాలయమున భద్రపరుపవలెను. ఎండకు, వానకు రాతిపై అక్షరము అరిగిపోవుచున్నది. వృద్ధునితో జ్ఞాపకము అంతరించుచున్నది. కనుక ఈ సెలవులలోనే మనము పని ప్రారంభింతము.