సంకల్పం లెక్కలు

తెనాలిలో ఏ ఇంట సత్యనారాయణ వ్రతం జరిగినా కథ కంటే ముందు పంతులుగారు సంకల్పం చెప్పిస్తారు. కుడి తొడ మీద ఎడమ అరచేయి, దాని మీద బోర్లించిన కుడి అరచేయి. నిమిషం పట్టే ఆ మాటల్ని, గోత్రం అడిగేదాకా చాలామంది పట్టించుకోరు. హిందూమతానికి ఒక్క ప్రవక్త లేడు, అందరూ కట్టుబడాల్సిన ఒక్క గ్రంథమూ లేదు. కాలాన్నీ చోటునూ మనిషినీ అది ఎలా చూస్తుందో తెలియాలంటే ఈ నిమిషం చెవిన వేసుకోవడమే నాకు తెలిసిన దగ్గర దారి.

మొదట కాలం. బ్రహ్మకు నూరేళ్ల ఆయుష్షు. అందులో 50 గడిచి, 51వ ఏట మొదటి పగటిలో ఉన్నాం. ఆ ఒక్క పగలే 432 కోట్ల సంవత్సరాలు. దాన్ని 14 మంది మనువులు ఏలతారు. ఇప్పటిది ఏడో మనువు వైవస్వతుడి వంతు. అందులో 28వ మహాయుగం, దాని చివర కలి. క్రీ.పూ. 3102లో మొదలైందని పంచాంగాల లెక్క. మొత్తం 4,32,000 ఏళ్లలో గడిచింది 5,100 పైచిలుకే. పాదానికి 1,08,000 ఏళ్లు, అంటే ఇంకా మొదటి పాదమే. కలికాలం ముదిరిపోయిందని అరుగుల మీద నిట్టూర్చేవాళ్లు ఈ అంకె ఓసారి చూడాలి.

తర్వాత చోటు. జంబూద్వీపం, భరతవర్షం దాటాక నదులొస్తాయి. విజయవాడలో ‘కృష్ణా గోదావరుల మధ్య’ అంటే సరిపోతుంది. కృష్ణకు కుడిగట్టున ఉన్న రేపల్లెలో అది కుదరదు, ‘కృష్ణా కావేరుల మధ్య’ అనాలి. శ్రీశైలానికి ఏ దిక్కో కూడా చెప్పాలి. పటంలో చూస్తే తెనాలి, రేపల్లె, బాపట్ల మూడూళ్లూ దానికి దాదాపు నేరుగా తూర్పునే, 170 నుంచి 210 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. తెనాలి రవ్వంత ఉత్తరానికి, బాపట్ల రవ్వంత దక్షిణానికి. అమెరికాలో ఉన్న పిల్లలు వ్రతం చేసుకుంటే అక్కడ జంబూద్వీపం పోయి క్రౌంచద్వీపం వస్తుంది. సొంతిల్లయితే ఒక మాట, అద్దె ఇల్లయితే మరో మాట అనే పంతుళ్లూ ఉన్నారు. ఇంత కచ్చితంగా చిరునామా చెప్పుకునేది సర్వాంతర్యామికి!

అరవై సంవత్సరాలు, రెండు అయనాలు, ఆరు రుతువులు, పన్నెండు నెలలు అయ్యాక తిథి వస్తుంది. సూర్యుడి కంటే చంద్రుడు 12 డిగ్రీలు ముందుకు జరిగితే ఒక తిథి. అందుకు ఒకసారి 19 గంటలు పడితే, మరోసారి 26 దాకా పడుతుంది. పండగ ఈరోజా రేపా అని ఏటా రేగే తగువుకు మూలం ఇదే. చాంద్రమాన సంవత్సరానికి 354 రోజులే కాబట్టి, 11 రోజుల లోటు పూడ్చడానికి 19 ఏళ్లలో ఏడు అధికమాసాలు కలుపుతారు: 2023లో శ్రావణం, 2026లో జ్యేష్ఠం. ఆ సర్దుబాటు వల్లే కార్తీక పున్నమి చలిగాలి మొదలయ్యే వేళకే వస్తుంది, బాపట్ల దగ్గర సూర్యలంక తీరం స్నానాలతో కిక్కిరిసిపోతుంది. పుష్కరాలకు గురుగ్రహం లెక్క. అది రాశిచక్రం చుట్టి రావడానికి సుమారు 12 ఏళ్లు పడుతుంది. 2016లో కృష్ణలో మునిగిన రేపల్లెవాళ్లకు మళ్లీ 2028.

చివరికి మనిషి. గోత్రం, పేరు, భార్యాపిల్లలు. ఆపైన కోరికలు: ఆరోగ్యం, ఐశ్వర్యం, ధర్మార్థకామమోక్షాలు. జన్మజన్మల కర్మబంధం తెగి బయటపడటమే మోక్షం. నాలుగు పురుషార్థాల్లో అది నాలుగోది. డబ్బు రెండో వరుసలోనే ఉంది, ఎవరూ సిగ్గుపడరు. అక్కణ్నుంచి పూజ 16 ఉపచారాలు. పీట వేసి, కాళ్లకు నీళ్లిచ్చి, స్నానం, బట్టలు, భోజనం, తాంబూలం, ఇంటికొచ్చిన చుట్టానికి చేసే మర్యాదలే.

ఈ లెక్కంతా పోలేరమ్మ గుడి దగ్గర పనికిరాదు. ఏడుగురు అక్కచెల్లెళ్లు, ఒక్క తమ్ముడు పోతురాజు, అంతే. పసుపు రాసి, వేపమండలు కట్టి, కుండలో పొంగలి వండి, మొక్కు ఉంటే కోడిని కోస్తారు. గోత్రం అడిగేవాళ్లుండరు. పొద్దున పంతులుగారి ముందు పీట మీద కూర్చున్న ఇల్లాలే, ఆదివారం పొంగలి గిన్నెతో ఆ వరుసలోనూ నిలబడుతుంది.