హెల్మెట్ ఒకటి, తలలు నాలుగు

పండుగ ముందు రోజుల్లో ఏ బజారు దారిలో చూసినా ఒక దృశ్యం మనకు ఎదురవుతుంది. ఒకే మోటార్ సైకిల్‌పై తండ్రి, ఆయన ముందు పెట్రోలు ట్యాంకుపై పెద్దబ్బాయి, వెనుక తల్లి, ఆమె ఒడిలో పసిబిడ్డ. తండ్రి తలపై హెల్మెట్ ఉంటుంది. మరి మిగిలిన ముగ్గురి తలలకు రక్షణ ఏది? ఈ ప్రశ్ననే మేము ప్రతి ఇంటి ముందు ఉంచదలచాము.

2022లో మన దేశ రహదారులపై 1,68,491 మంది మరణించారు. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాలపై వెళుతున్నవారే. బండి పడినప్పుడు నేల ముందు కూర్చున్నవారిని, వెనుక కూర్చున్నవారిని వేరుగా చూడదు. అందుకే నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ హెల్మెట్ ధరించాలని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ఆదేశిస్తోంది. అంతకంటే చిన్న పిల్లలను తీసుకువెళ్లేటప్పుడు వారి తలకు సరిపోయే హెల్మెట్, నడిపేవారితో కలిపి కట్టే రక్షణ పట్టీ ఉండాలి. వేగం గంటకు 40 కిలోమీటర్లు మించరాదు. నడిపేవారు కాక బండిపై మరొక్కరికే అనుమతి.

హిజాబ్‌పై హెల్మెట్ సరిగా కూర్చోదని కొందరు సోదరీమణులు అంటారు. తల వెనుక ముడి, పిన్నులు లేకుండా పలుచని స్కార్ఫ్ కట్టుకుంటే ఆ ఇబ్బంది తగ్గుతుంది. గడ్డం కింది పట్టీ బిగించటం మరువరాదు. బురఖా అంచు గానీ, చున్నీ కొన గానీ చక్రంలో చిక్కితే మనిషి క్షణంలో కింద పడిపోతుంది. అందుకే వెనుక చక్రాన్ని కనీసం సగం కప్పే కవచం ఉండాలన్న నిబంధన ఉంది. అందం కోసం దానిని ఊడదీయించటం ఇంటి ఆడవారిని ప్రమాదంలోకి నెట్టటమే.

కుటుంబం పెద్దదైతే ఆటో ఎక్కుతాము. అయితే ఆటోకు ముందున్నది ఒకే చక్రం. మలుపులో బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు, పక్కకు ఒరుగుతుంది; అక్కడ ఆనుకోవటానికి చక్రం లేదు గనుక బండి తేలికగా బోల్తా పడుతుంది. ఎక్కించిన మనుషులు పెరిగేకొద్దీ ఈ ముప్పు పెరుగుతుంది. డ్రైవరుకు ఇరువైపులా పిల్లలను కూర్చోబెడితే ఆయనకు హ్యాండిల్ తిప్పే చోటు కూడా మిగలదు.

అంతా తఖ్దీర్ అని సరిపెట్టుకోవటం మనకు తగదు. ప్రాణం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. దానిని కాపాడుకోవటం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. పండుగకు కొత్త దుస్తులు కొనే ఇంట్లో ఈసారి ఐఎస్ఐ ముద్ర గల రెండవ హెల్మెట్ కూడా కొనండి. పిల్లవాడికి సరిపడేది మరొకటి కొనండి. నలుగురూ కలిసి వెళ్లవలసి వస్తే విడతలుగా వెళ్లండి. కొంత ఆలస్యమైనా అందరూ క్షేమంగా ఇల్లు చేరతారు.