పసివారికి ‘ఎ’కారం నేర్పడం ఎలా?

హిందువుల ఇండ్లలో అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం పోసి, బిడ్డ వ్రేలు పట్టుకొని తొలి అక్షరాలు దిద్దిస్తారు. ముస్లిముల ఇండ్లలో బిడ్డకు నాలుగు సంవత్సరాల నాలుగు నెలల నాలుగు రోజులు నిండిననాడు ‘బిస్మిల్లా’ వేడుక జరిపి తొలి పాఠం చెప్పించడం ఆచారం. ఆచారాలు వేరైనా వాటి మూలంలోని భావం ఒక్కటే. అక్షరం శిశువు జీవితంలోకి గౌరవంతో, ఆనందంతో ప్రవేశించాలి. అయితే వేడుక ముగిసిన మరునాటి నుండి జరిగే బోధనలో ఆ ఆనందం ఎంతకాలం నిలుస్తున్నది? పలక చేతికిచ్చి, ‘ఇది వందసార్లు దిద్దు’ అనడంతోనే అది సగం ఆవిరైపోతున్నది. ఈ వ్యాసంలో వర్ణమాల నంతటినీ ముట్టుకోను. ఒకే ఒక అచ్చును, హ్రస్వ ఎకారాన్ని తీసుకొని, దానిని పసివారు వినడం, గుర్తించడం, పలకడం, వ్రాయడం ఏ క్రమంలో జరగాలో వివరించడానికి మాత్రమే ప్రయత్నిస్తాను.

ఎకారాన్నే ఎందుకు ఎన్నుకొన్నారని విద్యార్థులు అడగవచ్చు. నా మాతృభాష ఉర్దూ. నేను రెండవ తరగతి చదువుతున్నప్పుడు ఒకనాడు మెడ నొప్పిగా ఉన్నదని చెప్పబోయి ‘మేడ నొప్పి’ అన్నాను. తరగతి యావత్తూ గొల్లుమన్నది. ఉపాధ్యాయులు కూడా నవ్వి, “మీకు మేడ కూడా ఉన్నదా?” అన్నారు. మాది రేకుల ఇల్లు. ఆ తరువాత చాలా నెలలు నేను తెలుగు తరగతిలో నోరు విప్పలేదు. ఆయనను నేడు నేను తప్పుపట్టడం లేదు. ఆ రెండు ధ్వనులూ నా చెవికి ఒక్కటిగానే వినబడుతున్నవని ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. ఆ సంగతి నేను గ్రహించింది విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదువుతూ వర్ణోత్పత్తి పాఠం విన్నప్పుడు. ఒక చిన్న కారణం తెలుసుకోవడానికి పదిహేను సంవత్సరాలు పట్టింది. నేటి పసివారికి అంత ఆలస్యం జరగరాదు.

ఆ కారణమేమిటో చూద్దాం. ఊపిరికి నోటిలో ఎక్కడా అడ్డు తగలకుండా వెలువడే ధ్వనులు అచ్చులు. ఎకారం పలికేటప్పుడు పెదవులు కొద్దిగా ప్రక్కలకు సాగుతాయి. నాలుక ముందుభాగం అంగిలివైపు సగం మేర లేస్తుంది. ఇకారానికి అంతకంటె ఎక్కువగా లేస్తుంది. అకారానికి క్రిందనే ఉంటుంది. ఏకారానికి కూడా నోటి స్థితి ఇంచుమించు ఎకారపు స్థితియే. ముఖ్యమైన భేదం కాలంలో ఉన్నది. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు మాత్రలు. ఈ ఒక్క మాత్ర తేడాతోనే తెలుగులో అర్థం మారిపోతుంది. మెడ వేరు, మేడ వేరు. నెల వేరు, నేల వేరు.

ఉర్దూలో ఈ ఏర్పాటు లేదు. జబర్, జేర్, పేష్ అనే మూడు గుర్తులు తెలిపే హ్రస్వాలు అ, ఇ, ఉ. ఏకారం ఉన్నది కాని అది దీర్ఘం. దానికి పాత వ్యాకర్తలు పెట్టిన పేరు ‘యాయె మజ్‌హూల్’. మజ్‌హూల్ అంటే ‘తెలియనిది’ అని అర్థం. అరబ్బీలో ఆ ధ్వని లేకపోవడం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. ‘మెహమాన్’, ‘ఎహ్‌సాన్’ వంటి మాటలలో హకారం ప్రక్కన హ్రస్వ ఎకారం వంటి ధ్వని వినబడుతుంది గాని, మెడ–మేడల వలె ఒక్క మాత్రతో మాటనే మార్చివేసే జంటలు ఆ భాషలో లేవు. కనుక ఉర్దూ ఇంటి నుండి వచ్చిన బిడ్డ ‘ఎలుక’ను ‘ఏలుక’ అన్నప్పుడు అది మందబుద్ధి కాదు, అశ్రద్ధ కాదు. తన ఇంటి భాష తన చెవికి ఏది నేర్పిందో దానినే ఆ బిడ్డ పలుకుతున్నది.

ఈ చిక్కు ఉర్దూవారికి మాత్రమే పరిమితమని ఎవరూ గర్వించనక్కరలేదు. సంస్కృతంలోనూ హ్రస్వ ఎకారం లేదు. బాలవ్యాకరణంలో పరవస్తు చిన్నయసూరి సంస్కృతానికి 50 వర్ణాలు, తెలుగుకు 36 వర్ణాలు చెప్పాడు. ఆ యాభైలో లేని హ్రస్వ ఎ, ఒలు ఈ ముప్పది ఆరింటిలో ఉన్నాయి. ప్రాచీన తెలుగు శాసనాలలో ఎ, ఏలకు వేరువేరు రూపాలు కనిపించవు. రెండింటికీ ఒకే లిపి సరిపెట్టారు. శాసనాలు చెక్కించిన పండితులే వేరుచేసి వ్రాయని ధ్వనులను నాలుగేండ్ల బిడ్డ మొదటి వారంలోనే వేరుచేయలేదని చిన్నబుచ్చడం ఏమి న్యాయం?

ఇక బోధనా క్రమం. మొదట చెవి, తరువాత కన్ను, చివరకు చేయి. మనం సాధారణంగా దీనిని తలక్రిందులు చేస్తున్నాం. చేతితో మొదలుపెట్టి, చెవిని పూర్తిగా మరచిపోతున్నాం.

మొదటి వారం అక్షరం చూపనే కూడదు. రోజుకు పది నిమిషాలు చాలు. ఎలుక, ఎముక, ఎద్దు, ఎండ బొమ్మలు ఒక ప్రక్క. ఏనుగు, ఏరు బొమ్మలు ఒక ప్రక్క ఉంచుకోవాలి. ఉర్దూ మాట్లాడే బిడ్డకు ముందుగా ‘చూహా’ అని అర్థం చెప్పి, పిదప ‘ఎలుక’ అనాలి. అర్థం తెలియని మాటలో ధ్వనిని వెదకమనడం చీకటిలో సూదిని వెదకమనడమే. తరువాత నడక ఆట. ఎలుకవలె నడుస్తూ మూడు చిన్న అడుగులు: ఎ–లు–క. ఏనుగువలె ఒక పెద్ద అడుగు, రెండు చిన్న అడుగులు: ఏ–ను–గు. ఛందస్సు చదివిన మన విద్యార్థులు దీనిని వెంటనే పోల్చుకొంటారు. ఎలుక నగణం, ఏనుగు భగణం. పరీక్షకోసం వల్లించిన గురులఘువులు పసివారి పాదాలలో ఎంత సులభంగా ఒదుగుతాయో చూడండి. అయితే ఒక హెచ్చరిక. ఈ ఆటలో ‘ఎద్దు’ను వాడరాదు. అందులో అచ్చు హ్రస్వమే అయినా, తరువాత ద్విత్వం ఉండడం వల్ల మొదటి అక్షరం గురువవుతుంది, అడుగు తడబడుతుంది. ఎలుక, ఎముక, ఎడమ వంటి మాటలు శ్రేష్ఠం.

పిదప జంటమాటల ఆట. ‘నెల’ అనగానే పిల్లలు పైకి చంద్రుని చూపాలి. ‘నేల’ అనగానే వంగి నేలను తాకాలి. ‘మెడ’ అంటే మెడ పట్టుకోవాలి. ‘మేడ’ అంటే చేతులు పైకెత్తాలి. తప్పుచేసిన బిడ్డను చూసి నవ్వరాదు. అదే మాట మరల నిదానంగా పలికితే చాలు. బిడ్డ నోటితో సరిగా పలకకముందే చెవితో సరిగా గుర్తించడం ఈ ఆటలో కనిపిస్తుంది. ఆ దశను గుర్తించి ఓపికపట్టడమే బోధనలోని రహస్యం.

మరొక చిక్కు తెలుగువారి నోటనే ఉన్నది. మాట మొదటి ఎకారాన్ని వాడుకలో మనం చాలావరకు ‘యె’ అని పలుకుతాం: యెలుక, యెద్దు, యెండ. పాత పుస్తకాలలో ఇట్లా వ్రాయడం కూడా కద్దు. ఉపాధ్యాయిని ‘యెలుక’ అని పలికి ‘మొదటి ధ్వని ఏది?’ అని అడిగితే, శ్రద్ధగా వినే బిడ్డ ‘య’ అని బదులిస్తుంది. అది తప్పు కాదు. ఆ బిడ్డ చెవి చక్కగా పనిచేస్తున్నదనడానికి నిదర్శనం. ఆ పది నిమిషాలు యకారం జారకుండా పలకడం, లేదా ఎకారం హల్లుతో కలిసిన పెరుగు, చెవి, మెడ వంటి మాటలను తోడు తెచ్చుకోవడం దీనికి ఉపాయం.

రెండవ వారం కంటికి పని. మరియా మాంటిస్సోరి 1907లో రోము నగరంలో తన శిశుమందిరాన్ని ప్రారంభించింది. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి మన దేశపు ఉపాధ్యాయులకు స్వయంగా శిక్షణ ఇచ్చింది. గరుకు కాగితంతో అక్షరాన్ని కత్తిరించి అట్టకు అంటించి, బిడ్డ దానిని రెండు వ్రేళ్లతో తడుముతూ దాని ధ్వనిని పలకాలన్నది ఆమె పద్ధతులలో ఒకటి. ఇందులో కన్ను, చెవి, స్పర్శ మూడూ ఏకమవుతాయి. దీనికి ఖర్చు స్వల్పం. వడ్రంగి వాడే గరుకు కాగితం ఒకటి, పాత అట్టపెట్టె ఒకటి ఉంటే చాలు.

ఈ దశలో తెలుగు లిపికి ఒక సౌలభ్యం ఉన్నది. ఉర్దూలో అక్షరం పేరు ‘అలిఫ్’, ‘బే’, ధ్వని వేరు. తెలుగు అచ్చుకు పేరే ధ్వని, ధ్వనే పేరు. పైగా ఉర్దూ వ్రాతలో హ్రస్వాచ్చుల గుర్తులు బాలల ఖాయిదాలో కనిపించి, పెద్దల పుస్తకాలలో సాధారణంగా మాయమవుతాయి. తెలుగులో ప్రతి అచ్చూ కంటికి కనిపిస్తుంది. అయితే రూపసామ్యం వల్ల ఒక ప్రమాదం కూడా ఉన్నది. ఎకారం మీద మరొక వంపు చేరితే ఏకారం. రెండింటినీ ఒకేరోజు చూపితే పసికన్ను తికమకపడుతుంది. చెవికి రెండింటినీ ప్రక్కప్రక్కన వినిపించాలి; కంటికి మాత్రం ఎడం ఇచ్చి చూపాలి. వర్ణమాల వరుసను పట్టుకొని వ్రేలాడవలసిన అవసరం కూడా లేదు. ఆ వరుసలో ఎకారం ఋ, ౠల తరువాత వస్తుంది. ఋకారంతో ఏ పసిబిడ్డకు ఏమి పని? ఎలుక, ఎండ తెలిసిన బిడ్డకు ఎకారమే ముందు రావచ్చు.

మూడవ వారం చేతి వంతు. మూడు నాలుగేండ్ల బిడ్డ మణికట్టు ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు. సన్నని పెన్సిలుతో ఇరుకు గీతల మధ్య వ్రాయించడం ఆ చేతికి శిక్షయే. మొదట గాలిలో మోచేయి కదిలేటట్లు పెద్దదిగా, తరువాత ఇసుకలో, ఆ పిమ్మట నల్లబల్ల మీద తడిగుడ్డతో, చివరకు పలక మీద బలపంతో వ్రాయించాలి. ఇది క్రొత్త విద్య కాదు. మన వీధిబడులలో ఇసుక మీద అక్షరాలు దిద్దించేవారు. ఉర్దూ మక్తబులలో మట్టి పూసిన చెక్క ‘తఖ్తీ’ మీద వెడల్పైన కలంతో పెద్ద అక్షరాలు వ్రాయించేవారు. అయితే ఉర్దూ కుడి నుండి ఎడమకు, తెలుగు ఎడమ నుండి కుడికి నడుస్తాయి. రెండూ నేర్చే బిడ్డకు పలక అంచున ఒక రంగుచుక్క పెట్టి ‘ఇక్కడి నుండి బయలుదేరాలి’ అని చెప్పితే గందరగోళం ఉండదు. ఎడమచేతి వాటం గల బిడ్డ చేతిని బలవంతంగా మార్చరాదు. వందసార్లు అలసి వ్రాసినదానికంటె, ధ్వనిని పలుకుతూ అయిదుసార్లు ఇష్టంతో వ్రాసినది మేలు.

వచ్చిందో లేదో తెలుసుకోవడం కూడా సులభమే. ఆటలలో వాడని ఒక క్రొత్త మాటను, ఉదాహరణకు ‘చెరకు’ను వినిపించాలి. ఎలుక అడుగా, ఏనుగు అడుగా అని అడగాలి. పది అక్షరాల నడుమ ఎకారాన్ని ఏరి తెమ్మనాలి. ఇసుకలో వ్రాసి చూపమనాలి. మూడూ చేస్తే బిడ్డకు ఎకారం వచ్చినట్లే. ఒకటి తప్పితే ఆ మెట్టుకే మరల వెళ్లాలి. బిడ్డను నిందించి లాభం లేదు.

ఇంటి భాషను నిచ్చెనగా చేసుకొని బడి భాషను చేరాలన్న సత్యాన్ని తెలుగుదేశంలో గిడుగు రామమూర్తి పంతులు ఆచరించి చూపారు. సవర పిల్లలకు చదువు చెప్పడానికి తానే సవర భాష నేర్చి, ఆ భాషలో వాచకాలు వ్రాశారు. 2020 నాటి జాతీయ విద్యావిధానం మూడు నుండి ఎనిమిదేండ్ల వయస్సును ఒకే పునాది దశగా గుర్తించి, ఇంటి భాషకు ప్రాధాన్యమిచ్చింది. తెలంగాణలో 2018 నాటి శాసనం పాఠశాలలన్నిటా తెలుగు బోధనను విధిగా చేసింది. కనుక ఉర్దూ ఇంటి బిడ్డకు తెలుగు తప్పనిసరి. అది భయంతో రావాలా, ప్రేమతో రావాలా అన్నది తొలి అచ్చుల దగ్గరే తేలిపోతుంది.

విద్యార్థి మిత్రులారా! మీలో పలువురు రేపు ఉపాధ్యాయులవుతారు. అంతకుముందే అన్నలు, అక్కలుగా ఇంటిలో ఒక పసివానికి పలక పట్టిస్తారు. మన కళాశాలలో తెలుగు, ఉర్దూ రెండు శాఖలూ ఒకే వరండాలో ఉన్నవి. తెలుగు విద్యార్థులు గరుకు అక్షరాలు కత్తిరించి, బొమ్మల అట్టలు తయారుచేయవచ్చు. ఉర్దూ విద్యార్థులు ప్రతి బొమ్మ వెనుక ఉర్దూ మాట వ్రాయవచ్చు. పాలకవర్గంవారు కొంత అట్టను, గరుకు కాగితాన్ని, ఒక బీరువాను మంజూరు చేస్తే, ఏడాది తిరగకుండా మన చుట్టుపట్ల అంగన్‌వాడీలకు తలా ఒక పెట్టె అందించగలం. ఇది పెద్ద పథకం కాదు. ‘మేడ నొప్పి’ అన్న బిడ్డను చూసి నవ్వకుండా, ‘నాయనా, ఎలుక అడుగు వేసి మరల పలుకు’ అనగల ఒక్క ఉపాధ్యాయుడు ప్రతి బడిలో ఉంటే, ఈ వ్యాసం వ్రాసిన శ్రమ ఫలించినట్లే.