ఏడాదికొక వారం, పాతికేళ్ల ఒప్పందం

రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం, అమలాపురం పట్టణాల నుండి ధార్మిక సందేహాలతో మా వద్దకు వచ్చే దంపతులు ఇటీవలి కాలంలో ఒక కొత్త ప్రశ్నను వెంట తెస్తున్నారు. పూర్వం మహర్ గురించి, ఆస్తి పంపకం గురించి, బంగారంపై జకాత్ గురించి అడిగేవారు. ఇప్పుడు “హాలిడే మెంబర్‌షిప్ తీసుకున్నాము, ఇది ధర్మసమ్మతమేనా?” అని అడుగుతున్నారు. వారిలో అత్యధికులు సంతకం చేసిన తరువాతనే వస్తున్నారు. సంతకానికి ముందే ఆలోచించుకొనేందుకు తోడ్పడాలన్న ఉద్దేశంతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

అసలు ఇది ఏమిటి?

విహారస్థలంలో ఒక ఇంటిని పూర్తిగా కొనడం అందరికీ సాధ్యం కాదు. కొన్నా సంవత్సరంలో ఎక్కువ రోజులు అది తాళం వేసి ఉంటుంది. కనుక ఒకే వసతిని అనేక కుటుంబాలు వారాల చొప్పున పంచుకొని వాడుకొనే పద్ధతి ఐరోపాలో పుట్టింది. స్విట్జర్లాండ్‌లో 1963లో ఏర్పడిన హాపిమాగ్ సంస్థ ఈ మార్గంలో నడిచిన తొలి సంస్థలలో ఒకటి. ఒక చోటి వారాన్ని మరొక చోటి వారంతో మార్చుకొనే సౌకర్యాన్ని 1974లో అమెరికాలో మొదలైన ఆర్‌సీఐ సంస్థ కల్పించింది. మన దేశంలో 1986లో స్టెర్లింగ్, 1996లో మహీంద్రా హాలిడేస్ సంస్థలు ఏర్పడ్డాయి. క్లబ్ మహీంద్రా పేరుతో ప్రసిద్ధమైన సభ్యత్వంలో సంవత్సరానికి ఏడు రోజుల చొప్పున 25 సంవత్సరాల వాడకం ఉంటుంది. సంవత్సరాన్ని పర్పుల్, రెడ్, వైట్, బ్లూ అనే రంగుల కాలాలుగా విభజించి, రద్దీ కాలానికి ఎక్కువ, తక్కినవాటికి తక్కువ ధర నిర్ణయించారు. సభ్యత్వ ధర కాక ప్రతి సంవత్సరం నిర్వహణ రుసుము వేరుగా చెల్లించాలి.

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా తెలిసి ఉండాలి. “ఓనర్‌షిప్” అన్న మాట వినిపించినప్పటికీ, మన దేశంలో సాధారణంగా అమ్ముడయ్యేది స్థలమూ కాదు, ఇల్లూ కాదు. అది గడువు గల వాడకపు హక్కు మాత్రమే. గడువు తీరిన నాడు చేతిలో ఏ ఆస్తీ మిగలదు.

కుటుంబాలు ఎందుకు కొంటున్నాయి?

ఆశపడి మోసపోయారని తేలికగా తీసిపారేయడం న్యాయం కాదు. కొన్నవారి మాటలు ఓపికగా విన్నప్పుడు, వాటి వెనుక గౌరవించదగిన కారణాలు కనబడతాయి.

మొదటిది, గృహిణి విశ్రాంతి. మన ఇళ్లలో పండుగ వచ్చినా, బంధువులు వచ్చినా స్త్రీకి పని పెరుగుతుందే కాని తగ్గదు. సెలవుల్లో పిల్లలతో పుట్టింటికి వెళ్లడమే ఒకప్పుడు ఆమెకు దొరికిన విరామం. ఉమ్మడి కుటుంబాలు విడిపోయి, అమ్మమ్మల ఇళ్లు కూడా రెండు గదుల వాటాలుగా మారిన తరువాత ఆ విరామం కరవైనది.

రెండవది, మర్యాద, ఆహారం. పర్దా పాటించే కుటుంబానికి, హలాల్ భోజనం కోరే కుటుంబానికి అపరిచిత పట్టణంలో హోటలు వెతుక్కోవడం ఇబ్బందికరం. వంటకు వీలున్న ప్రత్యేక వసతి దొరుకుతుందంటే వారికది పెద్ద ఊరట.

మూడవది, దూరాలు. కోనసీమ నుండి, పశ్చిమ గోదావరి నుండి ఎందరో స్త్రీపురుషులు కువైట్, మస్కట్, దుబాయిలకు పనికి వెళ్లారు. ఏళ్ల తరబడి ఎడబాటు అనుభవించి, కొద్ది వారాల సెలవుపై వచ్చినవారికి ఆ రోజులు ఆసుపత్రులకు, ఇంటి మరమ్మతులకు, శుభకార్యాలకు కరిగిపోతాయి. ఒక్క వారమైనా మన కోసమే అన్న కోరిక వారిలో బలంగా ఉంటుంది.

నాలుగవ కారణం అన్నింటికంటె లోతైనది. మన కుటుంబాలలో విహారానికని దాచిన సొమ్ము విహారానికి చేరదు. చెల్లెలి పెళ్లి వస్తుంది, కప్పు కారుతుంది, తండ్రికి ఆపరేషన్ అవసరమవుతుంది. ముందుగానే చెల్లించివేస్తే ఆ సొమ్మును మరెవ్వరూ మళ్లించలేరు కదా అని దంపతులు తలుస్తారు. అంటే వారు కొంటున్నది గది మాత్రమే కాదు. ఒకరికొకరు ఇచ్చుకున్న మాటకు ఒక బంధనం కూడా.

ఈ కోరికలో అధర్మమేమీ లేదు. హజ్రత్ సల్మాన్ (ర) తన మిత్రుడు హజ్రత్ అబూ దర్దా (ర) ఆరాధనలో మునిగి ఇల్లాలిని ఉపేక్షించడం చూసి, కుటుంబానికీ నీపై హక్కున్నదని గుర్తుచేశారు. దైవప్రవక్త (స) ఆ మాటను సత్యమని ధ్రువీకరించారు. భార్యాబిడ్డలతో తీరికగా గడపడం ఆ హక్కులో భాగమే.

హాలులో జరిగేది

కోరిక మంచిదైనా, అది సంతకంగా మారే చోటును కూడా చూడాలి. షాపింగ్ మాల్‌లోనో, ఎగ్జిబిషన్‌లోనో లక్కీ డ్రా కూపన్ నింపుతారు. కొన్ని రోజులకు బహుమతి వచ్చిందని ఫోన్ వస్తుంది. భార్యాభర్తలిద్దరూ కలిసి వస్తేనే బహుమతి ఇస్తామంటారు. హోటలు హాలులో గంట, గంటన్నర సేపు కొండలు, సరస్సులు, నవ్వుతున్న పిల్లల దృశ్యాలు చూపుతారు. చివరికి “ఈ ధర ఈ ఒక్కరోజే” అంటారు.

ఇద్దరూ రావాలన్న షరతు ఊరకే పెట్టినది కాదు. ఒక్కరే వస్తే “ఇంట్లో అడిగి చెబుతాను” అని లేచిపోతారు. ఇద్దరూ ఉన్నప్పుడు ఆ మాటకు తావు లేదు. పైగా, భార్యాబిడ్డల ఎదుట “మనకు స్తోమత లేదు” అనడానికి భర్తకు నోరు రాదు. భర్త ఉత్సాహం చూసి “వద్దు” అనడానికి భార్యకు మనసొప్పదు. ఒకరి మనసు నొప్పించరాదని మరొకరు మౌనం వహిస్తారు. పరస్పర ప్రేమయే ఆ క్షణంలో అమ్మకానికి సాధనమవుతుంది.

మేమెరిగిన ఒక కుటుంబంలో భర్త కువైట్‌లో డ్రైవరు. సెలవుపై వచ్చినప్పుడు ఇలాంటి హాలులోనే సభ్యత్వం తీసుకున్నారు. కొంత రొక్కం, మిగిలినది వాయిదాలు. తరువాతి సెలవు ఖరారైనది ప్రయాణానికి మూడు వారాల ముందు. గదులు మాత్రం నెలల ముందే నిండిపోయాయి. ఒప్పందంలో లభ్యతను బట్టి కేటాయింపు అనే వ్రాసి ఉన్నది, కనుక వాదించడానికి వీలు లేకపోయినది. ఆ ఇల్లాలు మాతో అన్నది: “గది దొరకలేదని నాకు బాధ లేదు హజ్రత్. ఆ వాయిదాలు తీర్చడానికి ఆయన ఇంకో ఏడాది అక్కడే ఉండిపోయారు.” కలిసి గడిపే వారం కోసం చేసిన అప్పు, ఒక సంవత్సరపు ఎడబాటును తెచ్చినది.

వంతు ధర్మసమ్మతమే

మరి ఈ పద్ధతి నిషిద్ధమా? మౌలికంగా కాదు. ఉమ్మడి వస్తువు వాడకాన్ని వంతులవారీగా పంచుకోవడాన్ని ఫిఖ్హ్ పరిభాషలో ముహాయఆ అంటారు. హనఫీ గ్రంథం హిదాయాలో పంపకాల అధ్యాయంలో దీనికొక ప్రత్యేక భాగమే ఉన్నది. హజ్రత్ సాలిహ్ (అ) కాలంలో ఒంటెకు ఒక దినం, ప్రజలకు ఒక దినం నీటి వంతు నిర్ణయించిన ఖుర్ఆన్ వృత్తాంతాన్ని ధర్మవేత్తలు దీనికి ఆధారంగా చూపారు. గోదావరి డెల్టా రైతుకు ఇది వివరించనక్కరలేదు. దాళ్వా పంటకు నీరు చాలనప్పుడు కాలువలకు వంతులవారీగా నీరు వదలడం మనకు తెలిసినదే.

అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 2007లో మలేషియాలోని పుత్రజయలో జరిగిన సమావేశంలో ఈ అంశాన్ని చర్చించి, ఉమ్మడి ఆస్తిలో వాటా కొనడం గాని, వాడకపు హక్కును అద్దెకు తీసుకోవడం గాని, షరీఅత్ షరతులకు లోబడి అనుమతింపదగినదేనని తీర్మానించింది. మక్కాలో హరమ్ సమీపాన గల జమ్‌జమ్ టవర్‌లో సైతం 24 సంవత్సరాల వాడకపు హక్కును వారాల చొప్పున విక్రయించారు.

అయితే వంతు వంతుగా నిలవాలంటే అది తెలిసినదై ఉండాలి. ఏ కాలువకు ఏ తేదీన ఎన్ని రోజులు నీరు వస్తుందో తెలిస్తేనే రైతు నారు పోస్తాడు. “నీరున్నప్పుడు ఇస్తాము” అన్న మాటను నమ్మి ఎవరూ నాట్లు వేయరు. విక్రయించే వస్తువు అస్పష్టంగా ఉండడాన్ని గరర్ అంటారు. అటువంటి లావాదేవీని దైవప్రవక్త (స) నిషేధించారు. కనుక ఏ వారమో, ఏ ఊరో, పదవ సంవత్సరంలో నిర్వహణ రుసుము ఎంతో తేలని ఒప్పందం ధార్మికంగా బలహీనమైనది. వడ్డీతో కూడిన వాయిదాలైతే అభ్యంతరం ఇంకా గట్టిది.

ఆలోచనకు గడువు

వ్యాపారంలో తరచు మోసపోయే హబ్బాన్ (ర) అనే సహచరునికి దైవప్రవక్త (స) ఒక మార్గం చూపిన సంఘటన హదీసు గ్రంథాలలో కలదు. బేరం కుదిరేటప్పుడే మోసం ఉండరాదని షరతు పెట్టుకొని, మూడు దినాలలోగా నచ్చకపోతే వెనుకకు ఇచ్చే అధికారం ఆయనకు లభించింది. దీనినే ఖియార్ అంటారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్) దీనికి మూడు దినాల గరిష్ఠ పరిమితి చెప్పగా, ఆయన ఇద్దరు ప్రధాన శిష్యులు నిర్ణీత గడువైతే అంతకు మించినా చెల్లుతుందన్నారు. ఐరోపా సమాజ దేశాలు తమ 2008 నాటి నిబంధనలలో ఈ రకం ఒప్పందాలకు 14 రోజుల ఉపసంహరణ గడువును తప్పనిసరి చేశాయి. మన దేశంలో వీటి కోసమే చేసిన ప్రత్యేక చట్టం లేదు. కనుక రద్దు గడువు ఎన్ని రోజులో, ఎంత సొమ్ము తిరిగి వస్తుందో కాగితంపై మనమే చూసుకోవాలి.

ఒక చిన్న లెక్క

ఉదాహరణకు సభ్యత్వం 4 లక్షలు, ఏటి రుసుము 20 వేలు అనుకుందాము. రుసుము ఎన్నడూ పెరగకపోయినా 25 ఏళ్లకు 5 లక్షలు. మొత్తం 9 లక్షలు. ప్రతి సంవత్సరం తప్పక వెళ్తే వారానికి 36 వేలు, అంటే రాత్రికి 5 వేల పైచిలుకు. పదేళ్లు వెళ్లలేక పదిహేను సార్లే వాడుకుంటే వారానికి 60 వేలు. రైలు, కారు, భోజనం ఖర్చులు వేరు. సెలవు తేదీలు ముందే తెలిసి, నెలల ముందు ప్రణాళిక వేసుకొని, ఏటా వెళ్లగల కుటుంబానికి ఇది గిట్టుబాటు కావచ్చు. సెలవు యజమాని దయపై ఆధారపడిన కుటుంబానికి కాదు.

సంతకానికి ముందు ఈ ప్రశ్నలకు జవాబు వ్రాతపూర్వకంగా తీసుకోవాలి. పాఠశాల సెలవుల్లో గది ఎన్ని నెలల ముందు కోరాలి? దొరకకపోతే ఆ వారం మరుసటి ఏటికి కలుస్తుందా? వార్షిక రుసుము ఏ లెక్కన పెరుగుతుంది? సభ్యుడు మరణిస్తే వారసులకు హక్కు మాత్రమే వస్తుందా, బకాయి కూడా వస్తుందా? మధ్యలో మానుకుంటే ఏమి తిరిగి వస్తుంది? నోటితో చెప్పినదానిని కాగితంపై పెట్టడానికి నిరాకరిస్తే అక్కడి నుండి లేచి రావడమే మేలు.

ఇప్పటికే చిక్కుకున్నవారు నిరాశ చెందనవసరం లేదు. 2020 జూలైలో అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, సంస్థ కార్యాలయం ఏ నగరంలో ఉన్నా, మనం నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫిర్యాదు రుసుము లేదు. వివాదం తలెత్తిన రెండేళ్లలోగా ఫిర్యాదు దాఖలు చేయాలి. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915 నంబరులో తొలి సలహా లభిస్తుంది. రసీదులు, ఈ-మెయిళ్లు, గది నిరాకరించిన సందేశాలు భద్రపరచుకోవాలి.

కాగితం లేని ఒప్పందం

పై లెక్కలోని వారం ధర 36 వేలను పన్నెండు నెలలకు పంచితే నెలకు 3 వేలు. ఆ మొత్తాన్ని భార్య పేర వేరొక ఖాతాలో వేసి, దానిని మరి దేనికీ తాకరాదని భర్త మాట ఇస్తే చాలు. అంత స్తోమత లేనివారు వెయ్యి రూపాయలతో మొదలుపెట్టవచ్చు. ఊటీ, మున్నార్ దాకా పోలేకపోయినా, వశిష్ఠ గోదావరి ఒడ్డున దిండిలో పర్యాటక శాఖ వసతులు, హౌస్‌బోట్లు ఉన్నాయి. మారేడుమిల్లి అడవులు రాజమహేంద్రవరం నుండి ఒక్క పూట ప్రయాణం. కప్పు కారిన సంవత్సరం ఆ సొమ్ము కప్పుకే పోవచ్చు. అప్పుడు కూడా ఇంట అప్పు మిగలదు, మరుసటి నెల నుండి మళ్లీ కూడబెట్టుకోవచ్చు.

విదేశాలలో ఉన్న సోదరులకు ప్రత్యేకంగా మనవి. సెలవుపై వచ్చే ముందే ఇంటివారితో మాట్లాడి, ఆ సెలవులో మూడు నాలుగు దినాలు భార్యాబిడ్డలవని నిర్ణయించి, ఆ తేదీలను బంధువులందరికీ చెప్పండి. ఆ దినాలలో పెళ్లి పిలుపు వచ్చినా, స్థలం బేరం వచ్చినా “అవి మావి కావు” అని చెప్పే ధైర్యం కావాలి. ఆ ధైర్యం లేనివారికి పాతికేళ్ల సభ్యత్వం ఉన్నా, ఇంటివారితో గడపడానికి ఒక్క వారమైనా దొరకదు.