చెరపడిన సిపాయి – వీరుడా, ద్రోహా?

వలస పాలన నాటి సిపాయిని పాత్రగా తీసుకున్న కథలు చదివినప్పుడల్లా నాకొక లోపం కనిపిస్తుంది. శత్రువుకు చిక్కిన సిపాయి అయితే వీరుడు, కాకపోతే ద్రోహి. ఈ రెండు ముద్రల మధ్య మనిషి మాయమవుతాడు. అతని స్థితిని చరిత్రలోంచి చూడాలి. సింగపూరు ఉదాహరణ చూద్దాం.

1942 ఫిబ్రవరి 15న అక్కడ బ్రిటిష్ సేన లొంగిపోయింది. తెల్ల సైనికుల్ని వేరుచేసి చాంగీకి పంపారు. 17న సుమారు 40,000 మంది భారతీయ సిపాయిల్ని ఫారర్ పార్కు మైదానంలో సమీకరించారు. బ్రిటిష్ అధికారి కర్నల్ హంట్ వారిని జపాను మేజర్ ఫుజివారాకు అప్పగించాడు. ఆయన కెప్టెన్ మోహన్‌సింగ్‌కు అప్పగించాడు. చేతులు మారేముందు సిపాయిని ఎవరూ అడగలేదు. ఆజాద్ హింద్ ఫౌజులో చేరతావా అని అడిగింది ఆ తర్వాతనే.

మా ఆర్మూరు ప్రాంతంలో పసుపును కాడి వేరు, గోళ వేరు చేసి ధర కడతారు. ధర చెప్పే హక్కు పసుపుకు ఉండదు, చాలాసార్లు పండించిన రైతుకూ ఉండదు. సిపాయి స్థితీ అదే. చేరినవారిలో దేశాభిమానులూ ఉన్నారు, శిబిరానికి జంకినవారూ ఉన్నారు. నిరాకరించినవారిలో వేలమందిని న్యూగినీ, న్యూబ్రిటన్ దీవులకు కూలిదండులుగా తరలించారు. ఆకలితో, రోగాలతో ఎందరో చనిపోయారు. ఇక చేరినవారి అధికారుల్ని, చక్రవర్తిపై యుద్ధం చేశారంటూ 1945 నవంబరు నుంచి ఎర్రకోటలో విచారించారు. ఎటు నడిచినా శిక్షే.

చిక్కిన దళాల్లో 19వ హైదరాబాద్ రెజిమెంటు నాలుగో పటాలం ఒకటి. పేరు చూసి వారంతా మన ప్రాంతంవారనుకోరాదు. నిజాం ఖర్చుతో నడిచిన పాత కంటింజెంటు నుంచి వచ్చిన పేరది. అప్పటికి అందులో ఎక్కువగా కుమావోనీలు, జాట్లు, అహీర్లు ఉండేవారు. 1945లో దాని పేరే కుమావూన్ రెజిమెంటుగా మారింది. పుట్టుక ఇక్కడి శిస్తుతో, ప్రాణాలు ఉత్తరాది రైతుబిడ్డలవి, నిర్ణయం లండనుది.

ముల్క్‌రాజ్ ఆనంద్ ఈ సత్యాన్ని పట్టుకున్నాడు. ఆయన సృష్టించిన లాలూ, పోయిన భూమి తిరిగి దక్కుతుందన్న ఆశతో మొదటి ప్రపంచయుద్ధానికి వెళ్ళి జర్మన్లకు చిక్కుతాడు. 1942లో వచ్చిన ‘ది స్వార్డ్ అండ్ ది సికిల్’లో చెరనుంచి ఇంటికి వస్తాడు. భూమి దక్కదు, ఇల్లు చెదిరి ఉంటుంది. రైతు పోరాటంలోకి నడుస్తాడు. అతని చైతన్యానికి మూలం ఉపన్యాసం కాదు, అనుభవం.

కనుక సిపాయి ఎవరి పక్షమని తేల్చేముందు, అతణ్ణి పటాలానికి పంపిన అప్పు ఎంతో రచయిత తెలుసుకోవాలి. అక్కడినుంచే కథ మొదలవుతుంది.