బిడ్డతోని ఏ ఊరు పోవాలె? మక్తల్ వలస నుండి విదేశం దాకా కొన్ని లెక్కలు

వలస గురించి మన దగ్గర చాలా రాతలు వచ్చాయి. పాలమూరు లేబర్ అన్న పేరు దేశమంతా తెలుసు. డ్యాముల కాడ, కాలువల కాడ మన జిల్లా జనం మట్టి తీసిన సంగతి కొత్తగా చెప్పేది కాదు. కరువు, అప్పు, గుంపు మేస్త్రి, అడ్వాన్సు పైసలు, వీటన్నిటి మీద చర్చ జరిగింది. కాని ఆ చర్చలో పిల్లలు ఎప్పుడూ మూటల పక్కన కూచునే కనిపిస్తారు. ‘తల్లిదండ్రుల వెంట పిల్లలు కూడా పోతారు’ అని ఒక వాక్యం రాసి ముందుకు పోవడం పరిశోధకులకు రివాజయింది.

ఈ వ్యాసంలో మేము ఆ వాక్యం దగ్గరే ఆగదలచుకున్నాం. ఒక దళిత కుటుంబం బిడ్డను తీసుకొని ఊరు దాటేటప్పుడు ఎక్కడ నిలదొక్కుకోవాలన్నది దేన్ని బట్టి తేల్చుకోవాలి? కూలి రేటును బట్టా? ముందే పోయిన చుట్టాలను బట్టా? మా వాదన ఇది: కూలి అన్నిచోట్లా ఎంతో కొంత దొరుకుతుంది. బడి, కాగితం, కులం, ఈ మూడు మాత్రం సరిహద్దు దాటిన ప్రతిసారీ మారిపోతాయి. ఆ మార్పు దెబ్బ పెద్దవాళ్ళకంటే బిడ్డకే ఎక్కువ తగులుతుంది. కాబట్టి ఎక్కడికి పోవాలన్న లెక్క బిడ్డ వయసు దగ్గర మొదలు కావాలి.

సరిహద్దు ఎంత దూరం?

మక్తల్ పాత మహబూబ్‌నగర్ జిల్లాకు పడమటి కొస. 2019 నుండి నారాయణపేట జిల్లాలో ఉంది. కృష్ణానది తెలంగాణలో అడుగుపెట్టేది ఈ వైపు నుండే. రాయచూరు రోడ్డు మీద బస్సెక్కితే రెండు గంటల లోపలే వేరే రాష్ట్రం. కృష్ణా స్టేషన్‌లో రైలెక్కితే బొంబాయి. మన వాడల్లో ‘దేశం కాని దేశం’ అంటే చాలాకాలం అమెరికా కాదు, బొంబాయే. అక్కడి కామాటిపురకు ఆ పేరు వచ్చింది తెలంగాణ వైపు నుండి పోయి ఇండ్లు కట్టిన కామాటీల వల్లనే. అంటే మన ప్రాంతం నుండి బొంబాయికి పోవడం నిన్న మొన్నటిది కాదు, తరాల నాటిది.

రాయచూరు సంగతి ఇంకా చిత్రమైనది. 1956 దాకా మక్తల్, రాయచూరు ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేవి. ఇటు తెలుగు మాట్లాడేవాళ్ళకు కన్నడం అర్థమవుతుంది, అటువాళ్ళకు తెలుగు వస్తుంది. మాల, మాదిగ వాడల్లో అటు పిల్లనిచ్చి ఇటు తెచ్చుకునే సంబంధాలు ఇప్పటికీ ఉన్నాయి. భాషాప్రయుక్త రాష్ట్రాల పేరుతో గీసిన గీత ఈ చుట్టరికాల మధ్యనుండి పోయింది. ఆ గీత బిడ్డల కాగితాల్ని ఏం చేసిందో కింద చూద్దాం.

వదిలి పోవుడా, తీసుకపోవుడా?

కూలికి పోయే కుటుంబం ముందు సాధారణంగా మూడు దారులుంటాయి. పిల్లల్ని అవ్వతాతల దగ్గర వదలడం, హాస్టల్లో వేయడం, వెంట తీసుకపోవడం.

అవ్వతాతల దగ్గర వదిలితే బడి పేరు రిజిస్టరులో నిలుస్తుంది, బిడ్డ మాత్రం బర్లెంట పోతాడు. ఆడపిల్ల అయితే పెళ్ళి ముందుకు జరుగుతుంది. ‘ముసలోళ్ళు ఎన్నడు పోతరో, పిల్లను ఒక అయ్య చేతిల పెడితె భారం దిగుతది’ అన్న మాట వాడల్లో మామూలే. ఇదే ప్రాంతంలో జోగిని ఆచారం మాదిగ, మాల ఆడపిల్లల బతుకులను తరతరాలుగా మింగింది. దాన్ని ఆపడానికి 1988లో చట్టమే చేయవలసి వచ్చింది. ఆడపిల్లను వెనక వదలడం క్షేమం అనుకునే ముందు ఈ చరిత్రను మరవకూడదు.

రెండోది హాస్టలు. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో ప్రవేశం ఐదో తరగతిలో. అంటే పదేళ్ళ వయసు దాకా ఈ దారి తెరుచుకోదు. వలసపోయేవారి పిల్లల కోసం సర్వశిక్షా అభియాన్ కింద సీజనల్ హాస్టళ్ళు నడిపింది కొంతవరకు ఈ ఖాళీని పూరించడానికే. అవి బాగా నడిచిన ఊళ్ళలో పిల్లలు నిలిచారు, నడవని చోట తల్లిదండ్రుల వెంటే పోయారు.

మూడోది వెంట తీసుకపోవడం. బడి జూన్‌లో మొదలై ఏప్రిల్‌లో ముగుస్తుంది. కూలి వలస పంటలు ఇంటికొచ్చాక మొదలై మళ్ళీ వానల దాకా సాగుతుంది. కుటుంబాలు పీర్ల పండుగకు ఎంత దూరం నుండయినా వస్తాయి గాని బడి తెరిచే రోజుకు రావడం కష్టం. రెండు క్యాలెండర్లకు పొత్తు లేదు. అయితే ఇక్కడొక హక్కు ఉంది, అది చాలామందికి తెలియదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బిడ్డను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. టీసీ లేదని, సంవత్సరం మధ్యలో వచ్చారని ఏ ప్రభుత్వ బడీ కాదనడానికి లేదు. బొంబాయి మునిసిపాలిటీ మరాఠీ, హిందీతో పాటు తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతూ వచ్చింది. పూణె శివార్లలో కొత్తగా లేచే భవనం పక్కన పట్టా వేసుకొని ఉన్నవాళ్ళకు తెలుగు బడి దొరకడం అంత సులభం కాదు. కూలి ఒకటే అయినప్పుడు తెలుగు బడి ఉన్న పేటకు, లేని సైటుకు మధ్య తేడా బిడ్డకు చాలా పెద్దది. మేస్త్రితో మాట్లాడుకునేటప్పుడు ‘ఎన్ని పైసలు?’ అన్న దాని వెంట ‘సైటు కాడ బడి ఉందా, ఏ భాషల?’ అని అడగాలంటున్నాం.

గీత దాటితే కులం ఏమైతది?

ఊరు దాటినా కులం పోదు. కులం పేరు మీద రాజ్యాంగం ఇచ్చిన రక్షణ మాత్రం రాష్ట్రం గీత దగ్గరే ఆగిపోతుంది. రాజ్యాంగంలోని 341వ అధికరణం షెడ్యూల్డు కులాల జాబితాను ఒక్కొక్క రాష్ట్రానికి విడిగా ప్రకటిస్తుంది. దీని అర్థం ఏమిటో మర్రి చంద్రశేఖరరావు కేసులో తేలింది. తెనాలిలో పుట్టిన పిల్లవాడు, కేంద్ర ప్రభుత్వ సంస్థలో పనిచేసే తండ్రి వెంట తొమ్మిదేళ్ళ వయసులో బొంబాయి పోయి అక్కడే చదివాడు. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్ళది షెడ్యూల్డు తెగ. తండ్రి కొలువు కూడా ఆ పత్రం మీద వచ్చిందే. కాని కొడుకు వైద్య కళాశాల సీటు అడిగితే ఆ పత్రం మహారాష్ట్రలో చెల్లదన్నారు. 1990లో సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పింది. 1994లో, 2018లో రాజ్యాంగ ధర్మాసనాలు దాన్నే ఖాయం చేశాయి. రెండు రాష్ట్రాల జాబితాల్లో కులం పేరు ఒకటే ఉన్నా సరే, వలస వచ్చినవారికి అక్కడి రాష్ట్ర రిజర్వేషన్ దక్కదు.

ఎందుకు దక్కదంటే, వెనుకబాటుతనం ఆయా ప్రాంతాన్ని బట్టి ఉంటుంది, స్థానిక దళితుల వాటా తగ్గకూడదు అన్నది కోర్టు చెప్పిన కారణం. స్థానికుల వాటా మాటను కొట్టిపారేయలేం. కాని తెనాలిలో మైలపడ్డ మనిషి బొంబాయి పోయి శుద్ధి అవుతాడా? మక్తల్ మాదిగ బిడ్డను రాయచూరులో ఇల్లు అడిగేవాడు జాబితా చూసి అడుగుతాడా? అంటరానితనానికి రాష్ట్రం లేదు, దానికి విరుగుడుకే రాష్ట్రం ఉంది.

కేంద్ర ప్రభుత్వ కొలువుల్లో, కేంద్ర విద్యాసంస్థల్లో సొంత రాష్ట్రం నుండి వచ్చిన పత్రం ఎక్కడున్నా చెల్లుతుంది. వలసపోయిన తండ్రి పత్రం ఆధారంగా బిడ్డకు పత్రం ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. అందుకని తల్లిదండ్రులు ఊరు దాటకముందే తమ పత్రాలు, బిడ్డ జనన పత్రం మక్తల్‌లో తీసి పెట్టుకోవడం మొదటి పని.

రెండో చిక్కు స్థానికత. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం తెలంగాణలో స్థానిక అభ్యర్థి ఎవరన్నది ఒకటి నుండి ఏడో తరగతి వరకు చదివిన చోటును బట్టి తేలుతుంది. కొలువుల్లో 95 శాతం స్థానికులకే. వైద్య విద్యకు రాష్ట్రం 2024లో తెచ్చిన నిబంధన తొమ్మిది నుండి ఇంటరు దాకా నాలుగేళ్ళ చదువు ఇక్కడే సాగాలన్నది. 2025లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. బదిలీల మీద బయటికి పోయే ప్రభుత్వోద్యోగుల పిల్లలకు సడలింపు గురించి మాట్లాడినవాళ్ళున్నారు. పార పట్టుకొని పోయినవాని బిడ్డ గురించి మాట్లాడినవాళ్ళు ఏరి? పసితనంలో బొంబాయిలో చదివిన బిడ్డ తిరిగొస్తే అక్కడ వలసవాడు, ఇక్కడ స్థానికుడు కాదు.

విమానం ఎక్కేవాళ్ళ లెక్క

ఇప్పుడు రెండో రకం వలస. గురుకులంలో చదివి, ఇంజనీరింగు చేసి, విదేశీ చదువుకు పోయే దళిత యువతరం పాలమూరులో కూడా తయారైంది. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్, తెలంగాణలో 20 లక్షల రూపాయల దాకా ఇచ్చే అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి వీళ్ళకు ఆసరా. చాలామందికి అప్పటికే పెళ్ళయి ఉంటుంది, చంకలో బిడ్డ ఉంటుంది. వీళ్ళు దేశాన్ని ఎంచుకునేటప్పుడు ఫీజు, జీతం చూస్తున్నారు. బిడ్డ వైపు నుండి చూస్తే లెక్క ఇట్లా ఉంటుంది.

బ్రిటన్‌లో 2024 జనవరి నుండి మామూలు పీజీ కోర్సులకు పోయే విద్యార్థులు కుటుంబాన్ని వెంట తీసుకపోవడానికి లేదు. పరిశోధన కోర్సులకు ఆ వీలు ఉంది. జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ఫీజు లేదు. కాని అక్కడి బడులు చాలా రాష్ట్రాల్లో నాలుగో తరగతి తర్వాతనే ఎవరు విశ్వవిద్యాలయం దారిలో పోవాలి, ఎవరు చేతిపని దారిలో పోవాలి అన్నది వేరు చేస్తాయి. మూడేళ్ళ బిడ్డతో పోతే జర్మన్ భాష ఆటలోనే వస్తుంది. తొమ్మిదేళ్ళ బిడ్డతో పోతే భాష రాకముందే వడపోత వచ్చి పడుతుంది. అమెరికాలో హెచ్-1బి మీదున్న తల్లిదండ్రుల వెంట పోయిన బిడ్డ హోదా 21 ఏళ్ళకు ముగుస్తుంది. భారతీయులకు గ్రీన్‌కార్డు క్యూ దశాబ్దాల పొడుగు. గల్ఫ్‌లో కుటుంబ వీసా జీతాన్ని బట్టి వస్తుంది, కూలి క్యాంపుల్లో పిల్లలకు చోటు లేదు, పౌరసత్వం మాట అసలే లేదు. అక్కడ సంపాదించవచ్చు గాని స్థిరపడడం అనే మాట వాడలేం.

ఇంకో సంగతి. అమెరికాలో పుట్టో, అక్కడి పౌరసత్వం తీసుకునో బిడ్డ ఓసీఐ కార్డుతో తిరిగొస్తే, 2021 నిబంధనల ప్రకారం నీట్ వంటి ప్రవేశాల్లో ఎన్నారై సీట్లకే అర్హత. భారత పౌరులకు ఉద్దేశించిన సీట్లు దక్కవు. ఎస్సీ పత్రం అక్కడితో ఆగిపోతుంది. తీసుకోవద్దని మేము అనడం లేదు, తెలిసి తీసుకోవాలంటున్నాం.

అక్కడ కులం ఉందా?

అంబేద్కర్ 1913లో కొలంబియా పోయిండు. న్యూయార్క్‌లో గది దొరికినాయనకు 1917లో తిరిగొచ్చినంక బరోడాలో తల దాచుకునే చోటు దొరకలేదు. ఈ అనుభవం నుండి చాలామంది మనవాళ్ళు ‘సముద్రం దాటితే కులం ఉండదు’ అనే నిర్ధారణకు వచ్చారు. అప్పుడు అక్కడ మన సవర్ణులు చాలా తక్కువ. ఇప్పుడు మనకంటే ముందే, మనకంటే ఎక్కువమంది పోయి ఉన్నారు. తెలుగు బియ్యం, తెలుగు బడి, తెలుగు పండుగ దొరికే పేటలోనే ‘మీ ఇంటిపేరేంది, మీది ఏ ఊరు?’ అన్న ప్రశ్న కూడా దొరుకుతుంది. చుట్టాలున్నారని, పచ్చళ్ళు దొరుకుతాయని ఆ పేటనే ఎంచుకోవాలా అన్నది ఆలోచించాలి.

కులం ఉందని ఒప్పుకున్న చోట్లు కొన్ని ఉన్నాయి. 2019లో బ్రాండైస్ విశ్వవిద్యాలయం, 2022లో కాలిఫోర్నియా స్టేట్ విశ్వవిద్యాలయం తమ నిబంధనల్లో కులాన్ని చేర్చాయి. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ కుల వివక్షను నిషేధించిన మొదటి అమెరికన్ నగరమైంది. అదే ఏడు టొరంటో బడుల బోర్డు తమ బడుల్లో కుల అణచివేత సమస్యను గుర్తించింది, కెనడాలో ఆ పని చేసిన మొదటి బోర్డు అదే. కాని కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన కుల వివక్ష బిల్లును 2023 అక్టోబరులో గవర్నరు తిప్పి పంపిండు. బ్రిటన్ పార్లమెంటు 2013లో కులాన్ని సమానత్వ చట్టంలో చేర్చమన్నది. ప్రభుత్వం 2018లో చేర్చేది లేదని తేల్చింది. 2005-06లోనూ, 2016లోనూ కాలిఫోర్నియా బడి పుస్తకాల్లో కులం గురించిన రాతను మెత్తబరచాలని కొన్ని హిందూ సంస్థలు పట్టుబడితే దళిత సంఘాలు ఎదురు నిలబడ్డాయి. మన బిడ్డ చదవబోయే పాఠం ఏ దేశంలోనయినా తగాదా లేకుండా రాదు.

చేయవలసినవి

ఈ లెక్కలు ఒక్కొక్క కుటుంబం ఒంటరిగా వేసుకునేవి కావు. మక్తల్ వైపు పనిచేసే ఉపాధ్యాయులు వలసపోయే బిడ్డకు టీసీ అడగకముందే రాసి ఇవ్వాలి, విద్యాహక్కు చట్టం మాట తల్లిదండ్రులకు చెప్పి పంపాలి. సంఘాలు దీపావళికి ముందే కులం, జనన పత్రాల కోసం వాడల్లో శిబిరాలు పెట్టాలి. కూలి కోసం రాష్ట్రం దాటినవారి పిల్లలకు స్థానికతలో మినహాయింపు అడగడం మన కోర్కెల పత్రంలోకి రావాలి. విదేశం పోయిన దళిత మిత్రులు తాము ఉన్న ఊరిలో బడి ఎట్లుంది, ఇల్లు ఎవరిస్తున్నరు, ఇంటిపేరు ఎవరడుగుతున్నరు అన్నది రాసి పంపాలి. వెనక వచ్చేవాళ్ళకు జీతాల వివరాలకంటే అది ఎక్కువ పనికొస్తుంది.

ఐదేళ్ళ లోపు బిడ్డకు భాష అడ్డు కాదు, తల్లి దగ్గర ఉండడం ముఖ్యం, తీసుకపోవచ్చు. ఆరు నుండి పది మధ్య బిడ్డకు బడి నిలకడే అన్నిటికంటే పెద్దది, తెలుగు బడి లేని సైటుకు, వడపోత బడి ఉన్న దేశానికి తొందరపడి పోవద్దు. పదేళ్ళు దాటితే గురుకులం ఉంది, బిడ్డను కూడా అడగాలి. దీనితో ఒప్పుకోనివాళ్ళు ఉంటారు. వాళ్ళు తమ వాడ అనుభవంతో జవాబు రాస్తే చర్చ ముందుకు పోతుంది.